అయిదో గ్లాసు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అంటాం. ఈ సామెతని మనం ఎక్కువగా వాడేది గొడవ ఆపడానికి. ఒకరికి కాకరకాయ ప్రాణం, ఇంకొకరికి దాని పేరెత్తితేనే చిరాకు. సరేలే, జిహ్వకో రుచి అనేసి కంచాలు ముందుకు జరుపుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే బతికా. ఏది ఇష్టమో ఏది కాదో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదని ఒక ధీమా ఉండేది. పోయిన జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం, బ్రిస్టల్లో ఒక స్నేహితుడి ఇంట్లో, అయిదు గ్లాసుల సైడర్ ముందు కూర్చున్నప్పుడు ఆ ధీమా కాస్తా పోయింది.

సైడర్ అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే పానీయం. అమెరికాలో సైడర్ అంటే మామూలు రసం అనుకుంటారు కాబట్టి, పులిసినదాన్ని అక్కడ హార్డ్ సైడర్ అంటారు. ఇంగ్లండులో ఆ విశేషణం అక్కర్లేదు, సైడర్ అంటేనే పులిసింది. బ్రిస్టల్ పక్కనే సోమర్‌సెట్, ఇంకాస్త పైకి పోతే హెరిఫర్డ్‌షైర్. రెండూ సైడర్ తోటలకి పేరుపడ్డ ప్రాంతాలు. ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి ఏడేళ్ళయింది. ఆఫీసులో నలుగురం నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ఆ నెల ఎవరి వంతైతే వాళ్ళు సీసాలు తెచ్చి, వాటికి న్యూస్‌పేపర్ చుట్టి, నంబర్లు వేసి పోస్తారు. మిగతావాళ్ళు వాసన చూసి, తాగి, తెల్లకాయితం మీద తోచింది రాసి, పదికి మార్కులేస్తారు. అందరూ రాశాక పైకి చదవాలి. అంతే ఆట.

సైడర్ ఆపిల్స్‌లో చాలా రకాలు ఉత్తినే తినడానికి పనికిరావు. కొరికితే పచ్చి వెలక్కాయ కొరికినట్టు నోరంతా పట్టేస్తుంది. ఇక్కడివాళ్ళు దానికి టానిన్ అని రసాయనం పేరు చెప్తారు. నాకు వగరు అన్న మాట పుట్టుకతో వచ్చింది. బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్లో 1903లో సైడర్ పరిశోధన కోసం ఒక సంస్థ పెట్టారు. అక్కడ బార్కర్ అనే శాస్త్రవేత్త ఈ ఆపిల్స్‌ని నాలుగు జాతులుగా విడదీశాడు. ఆమ్లం 0.45 శాతానికి పైనా కిందా, టానిన్ 0.2 శాతానికి పైనా కిందా, ఈ రెండు గీతలతో తీపి, తీపి వగరు, పులుపు, పులుపు వగరు అని తేల్చాడు. నాలుక చెప్పేదాంట్లో కొంత భాగాన్నైనా కొలవొచ్చని దాని అర్థం. ఇది గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

ఆ సాయంత్రం మొదటి గ్లాసు సూపర్‌మార్కెట్ టిన్ను. గ్యాసు, తీపి, ఆ వెనక ఏమీ లేదు. బ్రిటన్లో పన్నుల నిబంధనల ప్రకారం 35 శాతం ఆపిల్ రసం ఉంటే చాలు, సైడర్ అనిపించుకుంటుంది, అదీ గాఢరసంలో నీళ్ళు కలిపిందైనా ఫరవాలేదు. వచ్చిన కొత్తలో శుక్రవారం రాత్రుళ్ళు ఇష్టంగా తాగింది ఇదే. ఇప్పుడు మూడు మార్కులేశా. రెండోది సోమర్‌సెట్ పల్లెలో చేసింది, గ్యాసు లేదు, కొంచెం మసగ్గా, తేనెరంగులో, తీపన్నది మచ్చుకైనా లేకుండా ఉంది. మూడోది కింగ్‌స్టన్ బ్లాక్ అనే ఒక్క రకం పండుతోనే చేసింది. పులుపూ వగరూ రెండూ తగుపాళ్ళలో ఉంటాయి కాబట్టి ఇంకో రకం కలపకుండా నిలబడగలదని దానికి పేరు. నాలుగోది ఫ్రాన్సులోని నార్మండీది. చక్కెర కలపకుండానే తియ్యగా ఉంటుంది. చలికాలం మొదట్లో రసాన్ని కదపకుండా ఉంచితే పెక్టిన్ గోధుమరంగు మీగడలా పైకి తేలుతుంది, ఈస్టుకి కావలసిన పోషకాల్లో చాలా భాగం దాంతోపాటే పోతుంది. కింద మిగిలిన తేట రసంలో ఈస్టు ఆకలితో నీరసించి, తీపి అంతా తినకముందే ఆగిపోతుంది. అంటే అది అరువు తీపి కాదు, సొంతంగా మిగిలిన తీపి.

అయిదోది పోసేటప్పుడు మా ఆతిథేయుడు లేచి నిలబడ్డాడు. సీసాని తలపైకి ఎత్తి, గ్లాసుని తొడ దగ్గర పట్టుకుని, సన్నటి ధార వదిలాడు. సగం కార్పెట్ మీద పడింది. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నా, గుక్క తాగా. పదునైన పులుపు, చివర్లో కొంచెం సిర్కా, ఆ వెనక తడిమట్టి లాంటిదేదో. ఎంత బాగుందో. తొమ్మిది మార్కులేశా. ఇంతవరకు ఎవరికీ తొమ్మిది వెయ్యలేదు. ఎందుకు వేశానో రాయాలని రెండోసారి వాసన చూశా.

అప్పుడు తెలిసింది. కాయితం మీద తెలుగులో రెండు మాటలు రాశా: మాపటి కల్లు.

చదవాల్సిన వంతు వచ్చింది. నేను కాయితం వంక చూస్తూ, దాంట్లో లేనిది చదివా. "పశువుల కొట్టం, ఆలివ్ నీళ్ళు, పచ్చి ఆపిల్ తొక్క" అని ఇంగ్లీషులో. అందరూ తలలూపారు. కాయితం పొడిచి చూపించింది అస్టూరియాస్ నుంచి వచ్చిన సిద్రా అని తేలింది. స్పెయిన్ ఉత్తర తీరంలోది. అక్కడి సైడర్ సంస్కృతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చిందని ఆతిథేయుడు చెప్పాడు. అలా ఎత్తు నుంచి పోయడం, ఒకే గ్లాసు చేతులు మారడం, చివరి చుక్కతో అంచు కడిగి పారబోయడం, అన్నీ అందులో భాగమేనట. నేను ఆ తెలుగు కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నా.

చిన్న అబద్ధమే. ఎవరికీ నష్టం లేదు. కానీ ఇంటికి నడిచి వెళ్తుంటే, ఇది మొదటిసారి కాదని గుర్తొచ్చింది.

మా తాత గీత కార్మికుడు. మాది నల్లగొండ వైపు. చలికాలం ఈత, ఎండాకాలం తాటి. నడుముకి మోకు, భుజాన లొట్టి, తెల్లవారుజామునే ఒకసారి, పొద్దుగూకేవేళ ఒకసారి చెట్లెక్కి దిగేవాడు. ఒక్క గుక్క నోట్లో వేసుకుని అది పోద్దాటిదో పండుతాటిదో చెప్పేవాడు, పొద్దటిదో మాపటిదో చెప్పేవాడు, పక్కూరివాడు నీళ్ళు కలిపాడంటే అదీ చెప్పేవాడు. బార్కర్‌కి నాలుగు జాతులుంటే, తాత లెక్కలో ఎన్ని ఉండేవో నేనెప్పుడూ అడగలేదు.

ఇంటర్ అయ్యాక ఎంసెట్ కోచింగ్‌కి హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు, ఒక ఏప్రిల్ ఆదివారం తాత వచ్చాడు. పొద్దున చెట్లు దిగి నేరుగా బస్సెక్కాడు. సంచినిండా ముంజలు తెచ్చాడు. రూమ్మేట్లు చుట్టూ మూగి బొటనవేళ్ళతో తవ్వుకుని తిన్నారు, నీళ్ళు మోచేతులదాకా కారాయి. తాత వెళ్ళాక ఒకడు అడిగాడు, "మీ తాత దగ్గర ఏం వాసన్రా అది?" నేను క్షణం కూడా ఆలోచించలేదు. "బస్సులో పక్కనోడు తాగొచ్చిండట" అన్నా. అక్కడితో ఆగకుండా, "నాకూ పడదురా ఆ వాసన" అన్నా.

వాళ్ళు తిన్న ముంజలదీ ఆ వాసనదీ ఒకటే చెట్టు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. "నాకు పడదు" అని అంటూ అంటూ ఉండగా అది నిజమైంది. రెండేళ్ళ తర్వాత ఊళ్ళో ఒక పెళ్ళిలో ఎవరో నా చేతికి కల్లు గ్లాసిస్తే, నటన కాదు, కడుపులో నిజంగానే తిప్పింది. చిన్నప్పుడు తాటాకు రేకలో తాత పోసిన నురుగు మూతికి అంటించుకుని నవ్వినవాణ్ణి నేనే. మధ్యలో నాలుక మారలేదు, కల్లు మారలేదు. అబద్ధం ముందు పుట్టింది, రుచి దాని వెనక నడిచింది.

మరి జిహ్వకో రుచి అన్నప్పుడు ఏ జిహ్వ? పన్నెండేళ్ళప్పటిదా, పంతొమ్మిదేళ్ళప్పటిదా, న్యూస్‌పేపర్ చుట్టిన సీసా ముందు తొమ్మిది మార్కులేసినదా?

రుచి గురించి 1757లో డేవిడ్ హ్యూమ్ ఒక వ్యాసం రాశాడు. అందులో డాన్ కిహోటె నవల నుంచి తీసుకున్న ఒక కథ ఉంది. ఇద్దరు బంధువుల్ని ఒక పీపాలో వైను రుచి చూడమన్నారు. బాగుంది కానీ కొంచెం తోలు వాసన ఉందన్నాడు ఒకడు. బాగుంది కానీ ఇనుము తగులుతోందన్నాడు రెండోవాడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి ఉంది. రుచి అనేది ఊరికే ఎవరి మనసుకి తోచినట్టు కాదు, శ్రద్ధగల నాలుక పట్టుకునేది వస్తువులో ఉంటుంది అని చెప్పడానికి హ్యూమ్ ఈ కథని వాడుకున్నాడు. నాకు చాలా ఇష్టమైన కథ. కానీ అది సగమే తేలుస్తుంది. తాళంచెవి ఉందని తేలింది సరే. దాన్నిబట్టి ఆ వైను మంచిదా చెడ్డదా అన్నది తేలలేదు. ఆ ఇద్దరూ "బాగుంది" అని ముందే అనేశారు, దాని సంగతి ఎవరూ పీపా అడుగున వెతకలేదు.

అంటే మనం రుచి అనే ఒక్క మాటలో మూడు పనులు కలిపేస్తున్నాం. ఒకటి, పసిగట్టడం: ఇందులో సిర్కా ఉంది, వగరు ఉంది, తోలు ఉంది. రెండు, ఇష్టపడటం. మూడు, ఏది ఎక్కువ ఏది తక్కువ అని వరస పెట్టడం. మొదటిదాంట్లో తప్పొప్పులుంటాయి, కొలతలుంటాయి. రెండోదానికి సామెత ఉంది. మూడోది ఎప్పుడూ రెండోదాని చాటున దాక్కుంటుంది. "నాకు పడదు" అని హాస్టల్లో నేనన్నది ఇష్టం గురించి కాదు. ఆ గదిలో వాళ్ళ వరసలో నిలబడటానికి, తాతని వరస బయట పెట్టా. సామెత నన్ను కాపాడింది.

వరసలు రసాన్నిబట్టి ఉండవని సైడర్ చరిత్రే చెప్తుంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు జమీందార్లు హెరిఫర్డ్‌షైర్ సైడర్‌ని ఫ్రెంచి వైనుకి సాటి అని మురిసిపోయారు. జాన్ ఈవ్లిన్ 1664లో సైడర్ పళ్ళ గురించి 'పొమోనా' అని ఒక గ్రంథమే కూర్చాడు. తర్వాత అదే సైడర్ పొలం కూలీల జీతంలో భాగమైంది. కూలిలో కొంత డబ్బు, కొంత సైడర్. కూలికి బదులు మద్యం ఇవ్వకూడదని 1887లో చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత టిన్నుల్లోకి వచ్చి కుర్రాళ్ళ చవక మత్తు అయింది. ఇప్పుడు మళ్ళీ పెద్ద సీసాల్లో, తోట పేరుతో, పండు పేరుతో, ఏడాది పేరుతో అమ్ముతున్నారు. ఈ మూడున్నర శతాబ్దాల్లో ఆపిల్ పులిసే తీరు మారలేదు. తాగేవాళ్ళు మారినప్పుడల్లా దాని మర్యాద మారింది.

కల్లుకీ సిద్రాకీ పులుపునిచ్చే సూక్ష్మజీవులు కూడా ఒకే కుటుంబాలవాళ్ళు. ఆల్కహాలు చేసేది ప్రధానంగా ఈస్టు, పెరుగులాంటి పులుపునిచ్చేవి లాక్టిక్ బాక్టీరియా, సిర్కా చేసేవి ఇంకో బాక్టీరియా. కల్లులో వేడివల్ల పూటలో అయ్యే పని, చల్లటి గోదాములో నెలలు పడుతుంది. కారణం ఒకటే, వాసనా దగ్గరదగ్గర ఒకటే. ఒకదాన్ని చూసి ముక్కు మూసుకుని, ఇంకోదానికి తొమ్మిది మార్కులేసినప్పుడు, ఆ తేడాకి లెక్క గ్లాసులో దొరకదు. నా దగ్గర దొరకాలి.

ఇక్కడిదాకా రాసి, అయితే ముక్కు మూసుకునేవాళ్ళందరూ దొంగలే అని ముగించడం తేలిక. మా మేనత్త లేకపోతే అలాగే ముగించేవాణ్ణేమో. ఆమె కల్లు వాసన తగిలితే లేచి పోతుంది. గీత కార్మికుడి కూతురే, చిన్నప్పుడు ఇంట్లో ఆ వాసనే పీల్చి పెరిగింది. మామయ్య పట్నంలో కాంపౌండ్లకి అలవాటుపడ్డాడు. అక్కడ అమ్మేది చెట్టు నుంచి దిగింది కాదు, మత్తుమందులు కలిపింది. ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్ముతారని అందరికీ తెలిసిందే. నలభై రెండేళ్ళకే పోయాడు. "ఇది చెట్టు కల్లు అత్తా, స్వచ్ఛమైంది" అని ఆమెకి చెప్పి చూడండి. ఆమె ముక్కు పసిగట్టేది పులుపుని కాదు, గుమ్మం దగ్గర అర్ధరాత్రి ఎదురుచూడటాన్ని. (సైడర్‌కీ ఇలాంటి అధ్యాయం ఉంది. డెవన్‌లో సైడర్ తాగేవాళ్ళకి కడుపునొప్పి, పక్షవాతం వచ్చేవి. సైడర్ పులుపే కారణమనుకున్నారు. గానుగల్లో, తొట్టెల్లో వాడిన సీసమే కారణమని 1767లో జార్జ్ బేకర్ అనే వైద్యుడు తేల్చాడు.)

అత్త అసహ్యం, నా అసహ్యం పైకి ఒకేలా ఉంటాయి. ఇద్దరం మొహం ఒకేలా చిట్లిస్తాం. ఆమెది బతికి సంపాదించుకుంది. నాది ఒక గదిలో నలుగురి దగ్గర అరువు తెచ్చుకుంది. నాలుకని అడిగితే ఈ తేడా చెప్పదు. జ్ఞాపకాన్ని అడగాలి. రుచి విషయంలో నైతిక ప్రశ్న అంటూ ఒకటుంటే అది ఇదేనని ఇప్పుడనిపిస్తోంది. నీకు ఏం నచ్చింది అని కాదు, అది నీ దగ్గరికి ఎలా వచ్చింది అని. జవాబు దొరికినంతమాత్రాన ఇష్టాలు మార్చుకోనక్కర్లేదు. రేపట్నుంచి నేను కల్లుని ప్రేమించి తీరాలనీ కాదు. కానీ అరువు తెచ్చిన రుచిని సొంతమని చెప్పి, దాంతో ఇంకొకరిని తూచడం మాత్రం దొంగ తూకమే.

ఈ ప్రశ్న వేసుకున్నాక ఆ తొమ్మిది మార్కులకీ వేసుకోక తప్పదు. సీసాకి పేపరు చుట్టారు కాబట్టి అది నా నిఖార్సైన ఇష్టం అనుకున్నా. కానీ పేపరు చుట్టింది సీసాకే, గదికి కాదు. ఆ బల్ల, ఆ పల్చటి గ్లాసులు, అక్కడ కూర్చున్న మనుషులు, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడ పోసేది మెచ్చుకోదగ్గదే అయ్యుంటుందని నా ముక్కుకి ముందే తెలుసు. అదే ద్రవం బస్టాండులో ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చుంటే? తొమ్మిది వేసేవాణ్ణని ప్రమాణం చెయ్యలేను.

పుస్తకాల దగ్గరా మనం ఇదే చేస్తాం కాబట్టి ఒక మాట. పదిహేనేళ్ళప్పుడు వారపత్రికల సీరియళ్ళ కోసం పక్కింటి గుమ్మం దగ్గర కాపు కాసినవాళ్ళం, ఇరవై అయిదేళ్ళకి "అలాంటివి నేను చదవలేదు" అంటాం. నిజంగా ఎదిగి వదిలేసినవి కొన్నుంటాయి. ఎవరో నవ్వుతారని వదిలేసినవి కొన్నుంటాయి. రసం, రుచి, ఆస్వాదం అని సాహిత్యానికి మాటలన్నీ నాలుక దగ్గర్నుంచే తెచ్చుకున్నాం, నాలుక చేసే మోసాలూ వాటితోపాటే వచ్చాయి.

ఆ సాయంత్రానికి ఏడాది ముందు, దసరాకి ఊరెళ్ళినప్పుడు, తాత కోసం ఒక సోమర్‌సెట్ సీసా తీసుకెళ్ళా. తాత ఇప్పుడు చెట్లెక్కడం లేదు, మోకాళ్ళు పోయాయి. స్టీలు గ్లాసులో పోసిస్తే వెలుతురుకి పట్టి చూశాడు.

"నురుగేది బిడ్డా?"

"దీనికి నురుగుండదు తాతా."

వాసన చూశాడు. గుక్క నోట్లో పెట్టుకుని, కాసేపు ఉంచి, మింగాడు. "పులుపు ఎక్కింది. మాపటిదా?"

"కాదు తాతా, పోయినేడుది."

తాత గ్లాసు కింద పెట్టాడు. "ఏడాదా! ఎట్ల ఆగింది? కుండకు సున్నం పూస్తరా?" కల్లు పులవకుండా తీపిగా ఉండాలంటే కుండ లోపల సున్నం పూస్తారు, తాత ఎరిగిన ఉపాయం అది.

"సున్నం పుయ్యరు. ఆడ చలి ఉంటది."

"గట్లనా. అంటే చలే సున్నమన్నట్టు."

ఇంకా చాలా అడిగాడు. చెట్టు ఎన్నేళ్ళకి పారుతుంది, ఒక్క చెట్టుకి ఎన్ని లొట్లవుతుంది, పండుని ఎట్ల పిండుతరు. నాకు సగం తెలియదు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగా, "మంచిగుందా తాతా?"

"వాళ్ళకు మంచిగనే ఉంటది. వాళ్ళ చెట్టు గదా" అన్నాడు.

అప్పుడు అది తప్పించుకునే జవాబనుకున్నా. ఇప్పుడు అలా అనిపించడం లేదు. పులుపుని పట్టుకున్నాడు, వయసు అడిగాడు, కారణం వెతికాడు, పసిగట్టాల్సిందంతా పసిగట్టాడు. వరస పెట్టమని అడిగితే మాత్రం పెట్టలేదు. నేను అయిదు గ్లాసుల ముందు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఆ తెలుగు కాయితం ఇంకా నా కోటు జేబులోనే ఉంది. వచ్చే నెల సీసాలు తేవాల్సిన వంతు నాది. ఆ సిద్రానే మళ్ళీ వెతికి తెచ్చా. పేపరు చుట్టి, ఈసారి కూడా అయిదో నంబరే వేస్తా. అందరూ రాశాక, నా వంతుకి ఆ పాత కాయితం తీసి రెండు మాటలూ రాసింది రాసినట్టు చదువుతా. కల్లు అంటే ఏంటని అడుగుతారు. చెప్పాలి. తాత చెట్లెక్కేవాడని అందులో భాగంగా చెప్పాలి. వాళ్ళు ఆసక్తిగా వింటారు, అదేం కష్టం కాదు, వాళ్ళకి ఆ మాట బరువు తెలియదు.

తెలిసినవాడు ఇంకొకడున్నాడు. ఆ హాస్టల్ రూమ్మేట్ ఇప్పుడు బెంగుళూరులో ఉంటాడు, వాట్సాప్ గ్రూపులో రోజూ పలకరిస్తాడు. వాడికి ఆ ఆదివారం గుర్తుండి ఉండదు. ముంజలు మాత్రం గుర్తున్నాయి, ప్రతి వేసవిలో అడుగుతాడు, "మీ తాత ఎట్లున్నడ్రా, మళ్ళా గసోంటి ముంజలు తినలే" అని. బాగున్నాడని మాత్రం చెప్పి ఊరుకుంటూ వస్తున్నా.